పసుపునీళ్ల మీద వేసిన నేరం

మీరు నమ్మిన నిజాన్ని గెలిపించడానికి ఎప్పుడైనా అబద్ధమాడారా? నేను ఆడాను. మూఢనమ్మకాల మీద వేదికెక్కి ఎంత గట్టిగా మాట్లాడితే, ఆ అబద్ధం లోపల అంత గట్టిగా కదిలేది. ఇన్నేళ్లూ మోశాను. ఇక మోయలేను.

మా బావకి, అంటే చెల్లెలి భర్తకి, ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం. రెండువేల సంవత్సరం దాటాక కారు కొన్నాడు. మా రెండిళ్లలోనూ అదే మొదటి కారు. కొన్న మరుసటేడు దసరాకి చెల్లెలు బానెట్ ఎత్తించి, తమలపాకుతో పసుపునీళ్లు చిలకరించింది. యంత్రానికి పేరంటమా అని వెక్కిరించాను. మర్నాడు పూర్ణా మార్కెట్ దగ్గర మా హేతువాదుల సభకి అదే కారు అడిగి తీసుకెళ్లాను.

సభ ముగిసేసరికి రేవు నుంచి వచ్చిన బొగ్గుదుమ్ము కారంతా పరుచుకుంది. అడిగి తెచ్చుకున్న బండిని మురికిగా ఇవ్వడమెలా? గోపాలపట్నంలో కార్లు కడిగేచోట ఆపాను. బానెట్ నేనే ఎత్తి, ఇంజన్ మీద కూడా గొట్టంతో నీళ్లు గట్టిగా కొట్టించాను.

రాత్రే బండి అప్పజెప్పాను, ఇంజన్ కడిగించిన సంగతి చెప్పలేదు. పొద్దున అది కదల్లేదు. సర్వీసు సెంటర్‌వాళ్లు విప్పి చూసి, ఇంజన్‌ని నడిపే కంప్యూటర్ పెట్టెలోకి నీళ్లు చేరాయని, పెట్టె మార్చాల్సిందేనని చెప్పారు. బావ ఇంటికి తిరిగొచ్చి కూలబడ్డాడు. నేనూ అక్కడే ఉన్నాను.

"వారంటీ మొన్ననే అయిపోనాది. వాన కూడా లేదు. నీల్లెలగెల్లాయి బావా?"

నాకు తెలుసు. అడిగిన క్షణానే తెలుసు.

"పండగనాడు సెల్లి పసుపునీల్లు కొట్టింది గదా," అన్నాను.

"నాను రెండు సుక్కలే జల్లినాను అన్నియ్యా!" అంది చెల్లెలు.

"కంప్యూటరుకి రెండు సుక్కలు సాలవేటి?"

భయంతో అన్నానా? భయమొక్కటే అయితే ఏదో ఒక రోజు చెప్పేసేవాణ్ణి. కాదు. నోట్లోంచి వచ్చిన మరుక్షణం ఆ మాట నా సిద్ధాంతానికి ఎంత చక్కగా అతికిందో చూసి మురిసిపోయాను. ఆ మురిపెంతోనే దాన్ని వ్యాసంగా రాశాను, సభల్లో చెప్పాను, చప్పట్లు కొట్టించుకున్నాను. తమలపాకు కొసన ఉన్న తడి ఇంజన్ లోపలి పెట్టెదాకా ఎలా పోయిందని ఒక్కరూ అడగలేదు. రుజువు లేనిదే ఏదీ నమ్మబోమని చెప్పుకునేవాళ్లమే అక్కడందరం.

చెల్లెలు కుట్టుకొట్టు పెట్టుకోవాలని కూడబెట్టుకున్నదంతా ఆ పెట్టెకే పోయింది. తప్పు తనదే అనుకుని తానే తీసి ఇచ్చింది. బావ ఆమెకి కొత్త పేరు పెట్టాడు. "ఏటే పసుపునీల్లూ, టీ ఎట్టు!" చుట్టాలు నవ్వేవాళ్లు. నేనూ నవ్వాను. ఆ తర్వాత ఆమె కారుకి పూజ చెయ్యలేదు. ఒక ఆడమనిషిని మూఢనమ్మకం నుంచి బయటికి తెచ్చానని దాన్నీ నా ఖాతాలో వేసుకున్నాను. ఆమె మానింది జ్ఞానం కలిగి కాదు, సిగ్గుతో. ఆ సిగ్గు నాది. పడింది ఆమె.

పోయిన వారం వెళ్లి, బావ ముందే ఆమెకి నిజం చెప్పాను. బావ తల దించుకున్నాడు. చెల్లెలు క్షమించానని అనలేదు. తిట్టనూ లేదు.

"సభలో అన్నావు గదా అన్నియ్యా, సభలోనే సెప్పు," అంది.

అందుకే ఇది రాసి, ఈ సభలోనే చదువుతున్నాను. గుండె కొంచెం తేలికపడింది. అంతకుమించి నాకు దక్కాల్సింది లేదు. కానీ నా వ్యాసం చదివి, కారుని చంపిన పసుపునీళ్ల కథ చెప్పుకుంటున్నవాళ్లు ఇంకా ఉన్నారు. మీరూ ఎక్కడో చెప్పే ఉంటారు. చెప్పినచోటికే మళ్లీ వెళ్లండి. అదే గొంతుతో, అందరికీ వినపడేలా చెప్పండి: ఇంజన్ మీద నీళ్లు కొట్టించింది అన్న.