కుడికి తిరగని కారు

ఆ రోజుల్లో కారున్నవాడు సుఖపడేవాడని ఎవరైనా అంటే, వాళ్ళకు కారు లేదని అర్థం. నాకు ఉండేది. నాకంటే మూడేళ్ళు పెద్దది. నేను గుమాస్తాగా పనిచేసే పోర్టు ఆఫీసులో మా సూపర్నెంటుగారు రిటైరై సొంతూరు వెళ్ళిపోతూ, "నువ్వైతే ప్రేమగా చూసుకుంటావోయ్" అని నాకు అంటగట్టిపోయారు. ప్రేమకు లోటు లేదు, బ్రేకులకే లోటు. ఆపాలంటే వంద గజాల ముందునుంచే తొక్కడం మొదలుపెట్టి, మిగతాది దేవుడికి వదిలేసేవాణ్ణి. ఒకసారి అలా వదిలేస్తే సబ్బవరంలో మా మావగారి గడ్డివాములోకి దూరి ఆగింది. ఇప్పుడు నవ్వొస్తుందిగానీ, అప్పట్లో దాన్ని తోయడం, తుడవడం, తిట్టడంతోనే నాకు రోజు గడిచిపోయేది.

గడ్డివాము సంగతి మావగారు మర్చిపోలేదు. మా ఆవిడ పురిటికి వెళ్ళి ఆడపిల్లను కన్నది. తీసుకొస్తానంటే ఆయన, "బ్రేకుల్లేని బండిలో నా మనవరాల్ని అంపను బాబూ" అన్నారు. పోనీ బస్సులో తెస్తానంటే, "పచ్చి బాలింతని బస్సులో తోసుకెల్తావేటి?" అన్నారు. పుట్టింటినుంచి బిడ్డను మూడో నెలలో పంపాలి, అది దాటితే మళ్ళీ ఐదో నెలే. ఆ మూడో నెల కాస్తా శుక్రవారంతో అయిపోతోంది. శుక్రవారం ఆడపిల్లను గడప దాటించరు. అంటే నాకు మిగిలింది గురువారం ఒక్కటే. మెస్సు కూడు తిని తిని నోరు చచ్చిపోయి ఉన్నాను. బారసాలనాడు చూసిన కూతురి ముఖం సరిగ్గా గుర్తుకు రావడంలేదు. ఇంకో రెండు నెలలంటే నావల్ల కాదు.

అప్పుడు మా బావ రంగంలోకి దిగాడు. బావంటే మా ఆవిడ అన్నయ్య, పోర్టులో క్రేన్ల ఫిట్టరు. అతని లెక్కలో క్రేను కానిదంతా బొమ్మే. చక్రం ఊడదీసి లోపలికి చూసి, "ఏటి బావా ఇది? బ్రేకు డ్రమ్ములా, అగ్గిపెట్టెలా? పెద్దవి ఎయ్యాల" అన్నాడు. పూర్ణా మార్కెట్ దగ్గర పాత ఇనుము కొట్లోంచి ఏదో తుక్కు జీపు డ్రమ్ములు మోసుకొచ్చి బిగించాడు. బిగించాక వాటిమీద మా చక్రాలు పట్టలేదు. "డ్రమ్ము పెద్దదైతే సక్రం పెద్దదవ్వాల కదేటి?" అన్నాడు, తప్పు నాదే అయినట్టు. మళ్ళీ వెళ్ళి ఆ జీపు చక్రాలే తెచ్చాడు. బోల్టుల కన్నాలు కలవకపోతే కొత్త కన్నాలు వేశాడు. మూడు సాయంత్రాలు నేను జాకీ ఎత్తుతూ దించుతూ ఉన్నాను. (ఆ నడుంనొప్పి ఇప్పటికీ వానాకాలంలో పలకరిస్తుంది.) తీరా చూస్తే, తిప్పితే చాలు చక్రాలు మడ్‌గార్డుకు రాసుకుంటున్నాయి. బావ సుత్తి తీసుకుని, ఎడమకు తిప్పినప్పుడు తగిలే చోటల్లా వంచేసరికి బుధవారం డ్యూటీ సైరన్ మోగింది.

"ఎడమేపు సుబ్బరంగా తిరుగుతాది బావా. కుడేపు ఆదివారం సూసుకుందాం" అన్నాడు.

నేను ఆలోచించాను. మేముండే గోపాలపట్నంనుంచి పెందుర్తిదాకా తిన్నగా పోవడమే. అక్కడ ఎడమకు తిరిగితే సబ్బవరం. మావగారి వీధి కూడా ఎడమకే. "కుడికి తిరిగే పనేముంది బావా?" అన్నాను. నేనే అన్నాను. (లెక్కల్లో డిగ్రీ చదివినవాణ్ణి!)

గురువారం పొద్దున్నే బావా నేనూ సబ్బవరం చేరాం. మావగారు చుట్ట నోట్లో పెట్టుకుని ముందు సీట్లో కూర్చుని, వీధి చివరిదాకా పోనిచ్చి, "ఇప్పుడు తొక్కు" అన్నారు. పాత అలవాటుకొద్దీ రెండు కాళ్ళతో తొక్కేశాను. బండి ఉన్నచోటనే నిలబడిపోయింది. ఆయన చుట్ట అద్దానికి కొట్టుకుంది, తలపాగా నా ఒళ్ళో పడింది. ఆయన తలపాగా తీసుకుని మళ్ళీ చుట్టుకున్నారు.

"ఆగింది" అన్నారు చివరికి. "పిల్లని సదురుకోమను."

నాకు ఏడుపొచ్చినంత పనైంది. రివర్సులో ఇంటిముందుకు తెచ్చాను. హారతిచ్చి, మా ఆవిణ్ణీ పాపనూ ఎక్కించి, ఉయ్యాలా సారె డబ్బాలూ సర్దారు. అందరూ సాగనంపుతూ వెంట నడుస్తుంటే, వీధి చివర పెందుర్తి రోడ్డెక్కడానికి స్టీరింగు కుడికి తిప్పాను. గర్రుమని చక్రం పట్టేసింది. మళ్ళీ తిప్పాను. మళ్ళీ గర్రు.

బావ తల గోక్కుని, "ఎడమేపు తిరిగి వొచ్చినోళ్ళం, ఎనక్కెల్లాలంటే అన్నీ కుడేపే తిరగాల కదా బావా!" అన్నాడు, ఏదో కొత్త సంగతి కనిపెట్టినట్టు.

నేను స్టీరింగు మీద తల వాల్చేశాను. పోయింది, ఐదో నెలే అనుకున్నాను. మా ఆవిడ దిగబోయింది. మావగారు కసిరారు. "దిగకు! బయల్దేరినాక దిగుతారేటి?" తరువాత పొలంవైపు తిరిగి, "ఒరే, ఎనమండుగురు రండ్రా!" అని కేక వేశారు. బురదలో దిగబడ్డ బండ్లు ఎత్తిన చేతులు అవి. వెనకవైపు పట్టుకుని, హైసా అని లేపి, ఎడమకు జరిపి దించారు. బండి ముక్కు కుడికి తిరిగింది.

"మరి పెందుర్తిలోనండీ?" అన్నాను నీరసంగా.

ఎనమండుగురూ సైకిళ్ళెక్కారు, మావగారితో సహా తొమ్మిది. పెందుర్తి జంక్షన్లో బస్సులు ఆగి హారన్లు కొడుతుంటే, నా కారును, నన్నూ, నా సంసారాన్నీ కలిపి ఎత్తి తిప్పారు. మావగారు పంచె ఎగ్గట్టి ముందు నిలబడి, "నెమ్మదిరా, లోపల పిల్ల తొంగుంది" అంటున్నారు. పాప నిజంగానే కదల్లేదు. మా ఆవిడ నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది.

ఇప్పటి కారు వేలితో తిప్పితే ఎటైనా తిరుగుతుంది. అయినా పెందుర్తిలో కుడికి తిరగాల్సివచ్చినప్పుడు నా చేయి ఒక్క క్షణం ఆగుతుంది. మావగారు పోయి చాలాకాలమైంది. వెనక హారన్లు మొదలవుతాయి.

"తిప్పండి," అంటుంది మా ఆవిడ. "ఎత్తడానికి ఇప్పుడెవరూ రారు."

తిప్పుతాను. ఎవరి సాయం లేకుండానే తిరుగుతుంది. అదేమిటో, ఇంటికెళ్ళేసరికి ఆ వేళకంటే ఎక్కువ అలిసిపోయి ఉంటాను.