ఓడినవాళ్ళు కట్టిన గ్యాలరీ

కర్నూలు బస్టాండులో తెల్లవారుజామున అయిదున్నరకు నంద్యాల బస్సు ఎక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకు టికెట్టు ఉచితం. కండక్టరు సున్నా టికెట్టు చేతిలో పెడుతూ ఒక్కరే పోతాండారా మేడమ్ అని అడిగాడు. మగవాళ్ళను కూడా ఈ ప్రశ్న అడుగుతావా అన్నాను. మళ్ళీ నంద్యాల వచ్చేదాకా ఆయన నా వైపు చూడలేదు.

నేను బయల్దేరింది ఒక రాయిని చూడటానికి. జమ్మలమడుగులో పాత ఆటస్థలం గ్యాలరీని పడగొడుతున్నారని పేపర్లో చదివాను. డిగ్రీ చదివే రోజుల్లో మా కర్నూలు అమ్మాయిలు అక్కడే సాఫ్ట్‌బాల్ ఫైనల్ గెలిచారు. సాఫ్ట్‌బాల్ అంటే బేస్‌బాల్‌కు చెల్లెలనుకోండి. మూడో బేస్ నుంచి హోం దాకా పరుగెత్తి గెలుపు పరుగు తీసింది నేనే. ఆ ఊరి రివాజు ప్రకారం పెద్ద ఆటలో ఓడిన జట్టు గ్యాలరీకి ఒక నాపబండ వేయించాలి. మేము ఆ సాయంత్రమే కప్పు పట్టుకుని బస్సెక్కేశాం కాబట్టి మా ఆట బండను నేనెప్పుడూ చూడలేదు. ఫోటో తీసుకుందామని నా ఆశ.

నంద్యాలలో బొరుగుల ఉగ్గాని, బజ్జీ తిన్నాను. బజ్జీలు చల్లారిపోయాయి, ఆ మాట అక్కడే చెప్పాను. ఎనిమిది దాటాక కడప పోయే రైలు వచ్చింది. ఎదురుగా కూర్చున్నావిడది కోయిలకుంట్ల. సంగతి చెబితే నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "రాయి జూసేదానికి అంత దూరం యాల అక్కా? మా ఊర్లో దిగు, కావల్సినన్ని జూపిస్తా."

జమ్మలమడుగు స్టేషన్ నుంచి ఆటోలో గ్రౌండుకు చేరేసరికి పది దాటింది. సగం గ్యాలరీ అప్పటికే నేలమట్టమైంది. మిగిలిన సగం మీద జేసీబీ నీడ పడుతోంది. రిటైరైన డ్రిల్లు మాస్టారు హుసేన్ గారు టోపీ సర్దుకుంటూ వచ్చి బండలన్నీ చూపించారు. ఒకటి కబడ్డీ ఫైనల్‌ది. మధ్యలో కరెంటు పోతే లారీల లైట్ల వెలుగులో ఆడారట. ఆఖరి కూతకు వెళ్ళిన వాడు లైట్లు కంట్లో కొట్టి సొంత జట్టు వాడినే పట్టుకున్నాడట. ఇంకొకటి క్రికెట్‌ది. గాలివానలో బంతి కనబడక ఫీల్డర్లు వెతుకుతుంటే అవతలి వాళ్ళు వికెట్ల మధ్య తిరుగుతూనే ఉన్నారట. బంతి దొరికింది అంపైర్ గొడుగులో. ఆ ఓడిన జట్టులో హుసేన్ గారూ ఉన్నారు. తన పేరు మీద వేలు పెట్టి మురిసిపోయారు.

అప్పుడు గమనించాను. ప్రతి బండ మీదా ఓడిన వాళ్ళ పేర్లు ఇంటిపేర్లతో సహా చెక్కి ఉన్నాయి. గెలిచిన వాళ్ళకు ఊరి పేరే దిక్కు. గెలిచింది మేమైతే నా పేరు లేకపోవడమేమిటని నిలదీశాను.

"కప్పు మీరు తీస్కపోయినారు గదమ్మా. బండన్నా వాళ్ళకుండనీండి," అన్నారాయన.

ఇన్నేళ్ళూ ఈ ఊళ్ళో నా పేరు రాతి మీద ఉందనుకుని కాలరెగరేసుకుని బతికాను.

మా బండ పైవరుసలో ఉంది. దాని మీద గొడుగు వేసుకుని ఒకావిడ కూర్చుని ఉంది. పక్కన టిఫిన్ క్యారియరు. నన్ను చూసి లేవలేదు.

"వచ్చినావా. పేపర్లో జూసి వస్తావని నీ కోసమే కూచున్నా."

లక్ష్మీదేవి. అవతలి జట్టు క్యాచర్. ఆ రోజు హోం దగ్గర బంతి ఆమె చేతిలోంచి జారబట్టే నేను చేరాను. ఇప్పుడు ఇంట్లో మగ్గాలు నడుపుతోంది. జేసీబీ వచ్చినప్పటి నుంచీ పగలంతా బండ మీదే కాపలా. రివాజులో రెండో సగం ఆమె చెప్పేదాకా నాకు తెలియదు. ఓడిన వాళ్ళు అదే జట్టును మళ్ళీ ఓడిస్తేనే బండ ఎత్తుకుపోవచ్చు. మరుసటేడు నుంచి ఆడపిల్లల సాఫ్ట్‌బాల్ ఆపేశారు. రేపు ఈ వరుసను కంకర చేస్తారు.

ఎవరడ్డం వస్తారు, ఎత్తుకుపో, గెలిచినదాన్ని నేనే చెబుతున్నాను అన్నాను.

"నువ్వు దానం జేస్తే తీసుకునేదానికి నేను రాలేదు. మా జట్టులో ఇద్దరు పోయినారు. ఒకామెకు ఫోటో గూడా లేదు. వాళ్ళ పేర్లు యాడన్నా ఉండాయంటే ఈ బండ మీదనే. గెలిచి ఎత్తుకపోతా. దిగు."

యాభై దాటిన దాన్ని, చీర కట్టుకుని ఉన్నాను, నీకు మతి పోయిందా అన్నాను. పట్టించుకోలేదు. హుసేన్ గారు రెండు రాళ్ళు పెట్టి మూడో బేస్, హోం గుర్తులు చేశారు. బంతి లక్ష్మీదేవి సంచిలోంచే వచ్చింది. ఆయన ఎడమ వైపు నుంచి విసరాలి, నేను పరుగెత్తాలి, నేను హోం చేరేలోపు ఆమె బంతి పట్టి దానితో నన్ను తాకాలి. అంపైర్ ఎవరని అడిగితే ఇక్కడ ఓడినవాళ్ళ నోటి మాటే తీర్పు అన్నారు. జాలిపడి ఓడితే బండ ముట్టుకోనని లక్ష్మీదేవి ముందే హెచ్చరించింది. నాకు జాలా! కుచ్చిళ్ళు ఎగదోపాను.

ప్రాణం పెట్టి పరుగెత్తాను. ఒట్టు. ఆమె మోకాలి మీద కూలబడి ఒట్టి చేతులతో బంతి అందుకుంది. నా పాదం రాయి చేరేలోపే బంతి నా పిక్కకు తగిలింది. చల్లగా, స్పష్టంగా తెలిసింది. అయినా కాలే ముందు ఆనిందని నోరు తనంతట తానే మొదలుపెట్టింది. దుమ్ము లేచిందన్నాను. హుసేన్ గారు నిలబడిన చోటు నుంచి కనబడదన్నాను. ఆయన ఆకాశం వైపు చూశారు. జేసీబీ ఆగిపోయింది.

లక్ష్మీదేవి మాత్రం వాదించలేదు. మోకాలు రుద్దుకుంటూ, "నువ్వు ఏం జెప్తే అదే," అంది.

నా జీవితంలో ఎదురు వాదించని మనిషిని మొదటిసారి చూశాను. తోసుకుంటూ పోవడానికి అవతల గోడ లేకపోతే మనిషి ముందుకు తూలి పడతాడు.

"ఓడిపోయాను," అన్నాను.

"వినపడలే."

గ్రౌండంతా వినబడేట్టు చెప్పాను. ఆ మాట నా గొంతులోంచి వస్తే ఎలా ఉంటుందో అప్పుడే తెలిసింది.

హుసేన్ గారు జేసీబీతోనే బండను లేపించి ట్రాలీ ఆటోలో పెట్టించారు. లక్ష్మీదేవి కొంగుతో దుమ్ము తుడిచి, పోయిన ఇద్దరి పేర్లూ నా చేత పైకి చదివించింది. మధ్యాహ్నం వాళ్ళింట్లోనే సంగటి, ఊరిబిండి అనే చెనిక్కాయల పచ్చడి. మగ్గాల చప్పుడులో మాటలు వినబడవు కాబట్టి గొడవ పడకుండా తిన్నాం.

నాలుగింటికి కోయిలకుంట్ల మీదుగా నంద్యాల పోయే బస్సు ఎక్కాను. ఊరు దాటిందో లేదో హుసేన్ గారి ఫోను. రివాజు ప్రకారం ఇప్పుడు ఓడిన జట్టు మీది, బండ మీరే వేయించాలన్నారు. గ్యాలరీయే లేనప్పుడు బండేమిటని కోయిలకుంట్ల దాకా వాదించాను. చివరికి ఫోను లక్ష్మీదేవి లాక్కుంది.

"మా వాకిట్లో చోటు ఉండాది. ఇంటిపేరుతో సహా జెక్కించు. ఎత్తుకపోవాలంటే వచ్చి గెలువు."

జమ్మలమడుగు వెళ్ళే వాళ్ళకు నేను చెప్పగలిగేది ఇంతే. గ్రౌండులో చూడటానికి ఇక ఏమీ మిగలదు. మగ్గాల వీధిలో లక్ష్మీదేవి ఇల్లెక్కడని అడగండి, ఎవరైనా చూపిస్తారు. వాకిట్లో రెండు బండలుంటాయి. రెండోదాని మీద పేరు నాది. ఆ బండ అక్కడ ఎక్కువ కాలం ఉండదు కాబట్టి త్వరగా వెళ్ళండి.