పాలు పోసిన నాణెం

నాగుల పంచమి నాడు మా అత్తమ్మ నా నాణెం మీద పాలు పోసింది. గ్లాసెడు పాలు, ఆపైన పసుపు, కుంకుమ. నేను బట్టలు ఆరేసి ఇంట్లోకి వచ్చేసరికే ఆ పని అయిపోయింది.

నాగర్‌కర్నూల్‌లో పుట్టిల్లు, వనపర్తిలో చరిత్ర చదివిన డిగ్రీ కాలేజీ, గద్వాలలో అత్తిల్లు. నా లోకమంతా ఈ మూడు ఊళ్లే. ఇంట్లో కూర్చుని పట్టుచీరలకు కుచ్చులు వేస్తాను. దాంతో వచ్చినదాంట్లో కొంత పక్కన పెట్టి, హైదరాబాదులో పాత నాణేలమ్మే ఒకాయన దగ్గర్నుంచి అరిగిపోయిన కంచు బిళ్లలు కొరియరులో తెప్పించుకుంటాను. రోము ఏలుబడి కింద ఉన్న గ్రీకు ఊళ్లు తమ కోసం తాము కొట్టుకున్న నాణేలవి. ఒక వైపు రోము చక్రవర్తి తల. తిప్పితే ఆ ఊరి దేవుడు. నాకు నచ్చింది ఆ తిప్పడమే. పెత్తనం ఎవడిదైతేనేం, మా దేవుడు మాకున్నాడని ఆ ఊళ్లవాళ్లు అన్నట్టు ఉంటుంది.

మొదట్లో అత్తమ్మ వాటిని చూసి నవ్వేది. సింహాసనం మీద కూర్చున్న గ్రీకుల పెద్ద దేవుడు జ్యూస్‌ను చూసి, "ఈ తాత ఎవరే, పెన్షన్ కొరకు కూసున్నడా?" అంది. ద్రాక్షగుత్తి పట్టుకున్న డయోనిసస్‌ను చూసి, "వీడు తాగుబోతోని లెక్క ఉన్నడు" అంది. అదైతే నిజమే, ఆయన సారా దేవుడే. ఇద్దరం పడీ పడీ నవ్వాం.

ఆ నవ్వులు బీచుపల్లిలో ఆగిపోయాయి. కృష్ణలో స్నానం చేసి మెట్లెక్కుతూ అత్తమ్మ జారిపడింది. తుంటి ఎముక విరిగింది. దవాఖానలో రాడ్ వేశారు. అప్పట్నుంచి ఆమె నడక మంచం నుంచి గడప దాకా, నా నడక ఆమె వెనక. మా ఆయన లారీ డ్రైవరు, ఇంటికి ఎప్పుడొస్తాడో ఆయనకే తెలియదు. కూరగాయలకు వీధి చివరికి పోయినా ఫోన్ మోగుతుంది, "ఏడున్నవే?" అని. పక్కింటివాళ్లు "కోడలంటే నీ లెక్క ఉండాలె" అంటుంటే మెచ్చుకుంటున్నారో, గొళ్లెం పెడుతున్నారో నాకు తెలిసేది కాదు. ఊపిరాడేది కాదు.

అలాంటప్పుడు పెర్గమం అనే ఊరి నాణెం ఒకటి నా చేతికొచ్చింది. దాని మీద వైద్య దేవుడు అస్క్లీపియస్, ఆయన కర్రకు చుట్టుకుని పడగెత్తిన పాము. ఫోన్‌లో మా నాణేల గ్రూపు ఉంది. దాన్ని నడిపే పెద్దాయన ఫోటో చూసి, "వచ్చే ఆదివారం హైదరాబాదులో అందరం కలుస్తున్నాం. నాణెం తీసుకురండమ్మా, దాని గురించి నలుగురికీ చెప్పండి" అన్నారు. పుట్టి బుద్ధెరిగాక నన్నెవరూ ఏదీ చెప్పమని అడగలేదు. పెద్దమందడిలో ఉండే మా ఆడబిడ్డ, "నేనొచ్చి అమ్మను సూస్కుంట, నువ్ పో వదినా" అంది. నేను గాల్లో తేలిపోయాను.

సరిగ్గా ఆ వారమే పంచమి వచ్చింది. ఏటా ఊరి బయట పుట్టకు పోయి పాలు పోసే మనిషి, ఈసారి పోలేకపోయింది.

"ఎందుకు పోసినవ్ అత్తమ్మా?" అన్నాను, ఏడుపు ఆపుకుంటూ.

"పుట్ట కాడికి నేను పోకుంటే నాగన్ననే ఇంటికొచ్చిండు. పొయ్యనా మరి?"

"గది మన నాగన్న గాదు. గ్రీకులోల్ల డాక్టరు దేవుని పాము!"

ఆ మాటే నా కొంప ముంచింది. ఆమె ముఖం వెలిగిపోయింది. "డాక్టరు దేవుడా? అయితే నా తుంటి కొరకే వచ్చిండు!" అని నాణేన్ని తుడిచి దేవుని గూట్లో పెట్టేసింది. శతాబ్దాలు పట్టిన ఆకుపచ్చ పొర మీద పసుపు పేరుకుంది. ఆదివారం పట్నం తీసుకుపోవాలి, ఇవ్వమని అడిగితే, "పాలు తాగిన దేవుణ్ని ఎవరన్న గడప దాటనిస్తరా?" అంది. మర్నాటికి వాడంతా తెలిసింది. ఆడవాళ్లు చెంబుల్లో పాలు పట్టుకొచ్చారు.

ఆదివారం ఆడబిడ్డ మొదటి బస్సుకే వచ్చింది. నేను పెళ్లి పట్టుచీర కట్టుకుని గూడు దగ్గరికి పోయాను. నాణెం లేదు. మంచం మీద అత్తమ్మ పిడికిలి బిగించుకుని కూర్చుంది.

"ఇయ్యరాదే అమ్మా, ఒక్క దినమే గద" అని ఆడబిడ్డ బతిమాలింది. ఆమె పిడికిలి ఇంకా బిగించింది.

నాకు తిక్కరేగింది. "నేను మనిషిని గాదా అత్తమ్మా? దేవుణ్ని గూట్ల వెట్టినవ్, నన్ను ఇంట్ల వెట్టినవ్. ఒక్కనాడు బయటికి పోతే ఏం మునుగుతది?" అని అరిచేశాను. ఆ ఇంట్లో నా గొంతు అంతెత్తున లేవడం అదే మొదలు.

ఆమె నా వైపు చూడకుండా నెమ్మదిగా అంది. "గా బిళ్లలు సూసేటప్పుడు నీ మొకం ఈ ఇంట్ల ఉండదు పిల్లా. నాకు కనవడదా? గా మొకంతోని పట్నం వోతే మల్ల రావు. నువ్ పో, నేను వద్దన్ననా? ఇది నా తాన ఉంటే దీని కొరకన్న వస్తవ్."

పొద్దుటి సంగతి గుర్తొచ్చింది. చీర కట్టుకుంటూ, పోయే బస్సు ఎన్నింటికో ఆడబిడ్డను మళ్లీ మళ్లీ అడిగాను. తిరిగొచ్చే బస్సు సంగతి అసలు అడగనే లేదు.

"నేనున్న గద వదినా, పో" అని ఆడబిడ్డ అంటూనే ఉంది. నేను చీర మార్చుకుని పెద్దాయనకు ఫోన్ చేసి రాలేనని చెప్పాను. కనీసం ఫోటో అయినా మళ్లీ తీసి పంపమన్నారాయన. అడిగితే అత్తమ్మ అరచెయ్యి తెరిచింది గానీ నాణెం ఇవ్వలేదు. అలాగే తీసి పంపాను. "చెయ్యి లేకుండా ఇంకొకటి పంపండమ్మా" అని ఆయన నుంచి జవాబు వచ్చింది.

ఫోన్ పక్కన పెట్టి అత్తమ్మకు అన్నం వడ్డించాను. ఆమె వంచిన తల ఎత్తకుండా కుడిచేత్తో కలుపుకుని తింటోంది. దేవుని పటాన్ని ఎడమ చేత్తో ముట్టుకున్నానని పెళ్లైన కొత్తలో నన్ను తిట్టిపోసిన మనిషి. నాణెం ఉన్న ఎడమ పిడికిలి ఇంకా మూసే ఉంది.