ఆ ఆట టీచరుగారే గెలిచారు

మా డ్రిల్లు టీచరుగారు పోయారు. మంగళవారం పొద్దున ఆఫీసుకు వెళ్ళే తొందరలో బాక్సులోకి పెరుగన్నం కలుపుకుంటుంటే వాళ్ళ చెల్లెలుగారు ఫోన్ చేశారు. "అక్క తెల్లారగట్ల ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయిందమ్మా" అన్నారు. ఆవిడ గొంతు నిబ్బరంగానే ఉంది. నేనే బాక్సు పక్కన పెట్టి వంటింటి గుమ్మంలో కూర్చుండిపోయాను. తెల్లారగట్ల అంటే ఒంట్లో బాగున్నన్నాళ్ళూ టీచరుగారు లేచి కాన్వాసు బూట్లు వేసుకున్న వేళ. ఆ వేళకి ఆవిడ కదలకుండా పడుకుని ఉన్నారన్న సంగతి నా బుర్రకెక్కడానికి చాలాసేపు పట్టింది.

సాయంత్రం భూస్థాపన అయ్యాక సువార్తమ్మ నా దగ్గరకొచ్చింది. మాతో పాటు చర్చి ఆవరణలో ఆడే మనిషి, టీచరుగారంటే ప్రాణం. నా చెయ్యి పట్టుకుని, "మంచిపని చేశారండీ. మొన్న శనివారం ఆవిణ్ణి గెలవనిచ్చారు. ఆ సంతోషంతోనే పోయారండీ" అంది.

"నేను గెలవనివ్వలేదండీ. ఆవిడే గెలిచారు" అన్నాను.

"నాకు తెలుసు లెండి" అని నా చెయ్యి నొక్కి, కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది.

సమాధుల మధ్య నిలబడి వాదన పెట్టుకోలేం కదా. కానీ ఇంటికొచ్చాక కూడా నాకు ఒళ్ళు మండుతూనే ఉంది. సువార్తమ్మ మీద కాదు, పాపం ఆవిడ ప్రేమకొద్దీ అన్న మాట అది. కానీ టీచరుగారు జీవితమంతా దేనికోసం దెబ్బలాడారో ఆ ఒక్కదాన్నీ ఆవిడ దగ్గర్నుంచి లాగేసుకున్నట్టు అనిపించింది. అందుకే ఇది రాస్తున్నాను. ఆవిణ్ణి ఎరగనివాళ్ళకు ఆ శనివారం సంగతి తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళి చెప్పాలి.

నాకు రెండో ఏట పోలియో వచ్చి ఎడమకాలు సన్నబడిపోయింది. తొడ మీద చెయ్యి ఆనించి నడుస్తాను. చిన్నప్పుడు మా వీధి పిల్లలు మంచివాళ్ళే, నన్నెప్పుడూ పొమ్మనలేదు. ఆటలో అరటిపండుగా ఉంచుకున్నారు. ఆ పదవి సంగతి తెలుగువాళ్ళకు చెప్పక్కర్లేదు. అందరితో పాటు అరవొచ్చు, తిరగొచ్చు, కానీ పట్టుకున్నా దొంగవి కావు, ఓడినా ఓడినట్టు కాదు. మామూలుగా అది ఐదేళ్ళలోపు పిల్లలకిచ్చేది. నా తర్వాత పుట్టిన తమ్ముడు కూడా దాన్ని దాటి వెళ్ళిపోయాడు, నేను మాత్రం పన్నెండేళ్ళొచ్చినా అందులోనే ఉన్నాను. మా వీధిలో కుంటుడాట కూడా ఉండేది. దాన్ని రెండు కాళ్ళూ బాగున్నవాళ్ళు ఆడేవారు, నేను అరుగు మీద కూర్చుని చూసేదాన్ని.

స్కూల్లో అయితే అరటిపండు పదవి కూడా లేదు. ఆటల పీరియడ్‌లో కుళాయి దగ్గర కూర్చుని అందరి చెప్పులకూ సంచులకూ కాపలా కాసేదాన్ని. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా కొత్త డ్రిల్లు టీచరుగారొచ్చారు. కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుని, మెడలో విజిలు, కాళ్ళకు తెల్లబూట్లు. సైకిలు మీద వచ్చేవారు. చీర కట్టుకుని సైకిలు తొక్కే మనిషిని ఏలూరులో నేను అప్పుడే చూడటం. ప్రతి ఏడూ ఇచ్చినట్టే మా అమ్మ రాసిన ఉత్తరం ఆవిడకిచ్చాను. మా అమ్మాయికి కాలు సరిగా లేదు గనుక ఆటల నుంచి మినహాయించవలసిందిగా ప్రార్థన, అని.

ఆవిడ చదివి, నన్ను పైనుంచి కిందకి చూసి, "కాలు సంగతి రాశారు మీ అమ్మగారు. చేతుల సంగతి రాయలేదేం?" అన్నారు.

"చేతులు బానే ఉన్నాయండి" అన్నాను.

"అయితే పద."

ఆ ఆట టెన్నికాయిట్. మేం రింగ్ అనేవాళ్ళం. మధ్యలో తాడు కట్టి, రబ్బరు రింగును అటూ ఇటూ విసురుకోవడం. ఒంటిచేత్తో పట్టాలి, పట్టిన వెంటనే వదలాలి, నేల మీద పడితే ఎదుటివాళ్ళకు పాయింటు. ఎవరికి ముందు ఇరవై ఒకటి వస్తే వాళ్ళు గెలిచినట్టు. నాకెదురుగా మా క్లాసు విజయను నిలబెట్టారు. విజయ దయగల పిల్ల. రింగు మెల్లగా నా చేతుల్లోకే వేసింది. నేను వదిలేశాను. "పర్లేదులే, నీకు లెక్కలేదు" అని మళ్ళీ వేసింది. మళ్ళీ వదిలేశాను. మళ్ళీ లెక్కలేదంది.

విజిలు మోగింది.

"ఎవరికి లెక్కలేదు?" అని అడిగారు టీచరుగారు. విజయ బిక్కమొహం వేసింది. ఆవిడ సున్నం డబ్బా తెచ్చి, నా వైపున్న గీతను బూటుతో చెరిపేసి, నేను రెండడుగుల్లో అందుకోగలిగినంత మేర కొత్త గీత గీశారు. లేచి చేతులు దులుపుకుని, "గీతలు నేను గీసినవే గనక జరుపుతాను. పాయింటు మాత్రం ఎవరి కోసమూ జరపను. ఇందాక పడ్డవి రెండూ విజయవే" అన్నారు.

ఆ రోజు ఇరవై ఒకటికి మూడుతో ఓడిపోయాను. ఇంటికెళ్ళి సంచీ విసిరేసి, "అమ్మా, నేను ఓడిపోయానే!" అని అరిచాను. నేను నవ్వుతున్నానో ఏడుస్తున్నానో మా అమ్మకు అర్థం కాలేదు. మర్నాడు కొంగు దోపుకుని స్కూలుకొచ్చింది.

"పిల్ల పడితే ఎవరండీ దిక్కు?" అంది.

"పడుతుందండీ. ఆడేవాళ్ళు పడకుండా ఉంటారేంటండీ?" అన్నారు టీచరుగారు. "ఒక కాలికి బలం తక్కువని మిగతా ఒళ్ళంతా కూర్చోపెడుతున్నారు. అది కూడా పాడైపోదాండీ? ఒక్క నెల నాకొదలండి. నచ్చకపోతే ఉత్తరం మళ్ళీ రాద్దురుగాని."

ఆ నెల గడిచింది. మా అమ్మ మళ్ళీ ఉత్తరం రాయలేదు. నేను అన్నం మారు పెట్టించుకోవడం మొదలుపెట్టాను, పడుకున్న వెంటనే నిద్రపోయేదాన్ని. మా అమ్మకు ఆ రెండే చాలు. నాకు దొరికింది మాత్రం వేరు. అంతకుముందు నాతో ఎవరూ పోట్లాడేవారు కాదు. అందరూ జాలిగా, పెద్దమనుషుల్లా మాట్లాడేవారు. దసరా సెలవులు అయ్యాక ఒకరోజు విజయ "గీత బయట పడింది, దొంగ పాయింటు తీసుకుంటావా!" అని నా జడ పట్టుకుంది. నేనూ దాని జడ పట్టుకున్నాను. అప్పటినుంచి ఇప్పటిదాకా విజయ నా స్నేహితురాలు. పోట్లాడటానికి పనికిరానివాళ్ళతో స్నేహం ఏం చేస్తాం?

టీచరుగారికి తప్పుల్లేవని కాదు. కోపం ముక్కు మీదే ఉండేది. మెచ్చుకోవడం చేతకాదు, "ఊఁ" అంటే అదే బహుమతి. ఒకసారి ఒళ్ళున్న ఒక పిల్లను అందరి ముందూ "నడు నడు, ఏనుగులా అదేంటి" అనేశారు. ఆ పిల్ల వారం రోజులు బడికి రాలేదు. ఆవిడ సైకిలేసుకుని వాళ్ళింటికెళ్ళి, "నాదే తప్పమ్మా" అని పిల్లతోనే చెప్పి తీసుకొచ్చారు. ఆ తర్వాత ఎవరి ఒంటి గురించీ ఆవిడ నోటివెంట ఒక్కమాట రాలేదు.

నేను ఏ కప్పూ గెలవలేదు. ఏ పేపర్లోనూ నా ఫోటో పడలేదు. డిగ్రీ చదివి తాడేపల్లిగూడెంలో ఒక ఆఫీసులో గుమస్తాగా చేరాను. ఏలూరు నుంచి రోజూ రైల్లో వెళ్ళిరావడం. ఆఫీసులో కూర్చోవడం, రైల్లో కూర్చోవడం, ఇంటికొచ్చి కూర్చోవడం. నలభై దాటేసరికి షుగరొచ్చింది, నడుం పట్టేసేది, ఊరికే ఏడుపొచ్చేది. డాక్టరు ఒళ్ళు కదిలించమంటే కాలు చూపించి తప్పించుకునేదాన్ని. ఒకరోజు స్టేషన్లో ఓవర్‌బ్రిడ్జి మెట్ల మధ్యలో ఆయాసపడుతూ నిలబడితే వెనకనుంచి ఒక గొంతు, "ఏమ్మా, మళ్ళీ ఉత్తరం తెచ్చుకున్నావా?" అంది.

టీచరుగారు. జుట్టు తెల్లబడింది, బూట్లు అవే తెలుపు. అప్పటికి ఆవిడ రిటైరై కొన్నేళ్ళయింది. సాయంత్రాలు వాళ్ళ చర్చి ఆవరణలో తాడు కట్టి ఆడవాళ్ళతో రింగ్ ఆడిస్తున్నారు. ఏ మతంవాళ్ళైనా రావచ్చు, చీరైనా నైటీ మీద తువ్వాలైనా పర్లేదు, రాకపోతే మాత్రం ఇంటికొచ్చి పిలుస్తారు. సువార్తమ్మను అలాగే పట్టుకొచ్చారు. ఆవిడ పెదపాడు దగ్గర చేపల ప్యాకింగ్ షెడ్డులో పనిచేస్తుంది. మొదటిరోజు ఆవిడ నా ముందే అడిగింది, "పొద్దున్నించీ ఒంగొంగి చేస్తానే ఉంటానండీ. మళ్ళీ నాకు ఈ ఆటేంటండీ?"

"వంగింది చాలు. ఇక్కడ కాసేపు పైకి చూడు" అన్నారు టీచరుగారు.

నిజమే, రింగ్ ఆడేటప్పుడు తల ఎత్తే ఉండాలి. నెలకల్లా సువార్తమ్మకు పట్టేసిన భుజం పైకి లేచింది. నా షుగర్ ఎక్కడికీ పోలేదు గానీ అదుపులోకొచ్చింది. మెట్ల మధ్యలో ఆగడం మానేశాను. ఊరికే వచ్చే ఏడుపు కూడా ఎప్పుడు మానేసిందో గమనించలేదు.

రెండేళ్ళ కిందట టీచరుగారికి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యీ, కుడికాలూ పడిపోయాయి. మాట ముద్దగా అయింది, సగం అక్షరాలు మింగేసేవారు. కొన్ని నెలల తర్వాత వాళ్ళ చెల్లెలుగారు శనివారాలు చక్రాల కుర్చీలో ఆవరణకు తీసుకురావడం మొదలుపెట్టారు. మేమెంత సంబరపడ్డామో. శాలువా కప్పాం, కుర్చీ నీడలోకి జరిపాం. మధ్యమధ్యలో రింగు తీసుకెళ్ళి మెల్లగా ఆవిడ ఒళ్ళో వేసేవాళ్ళం. ఎడమచేత్తో తిరిగి విసిరితే అది ఎక్కడ పడ్డా చప్పట్లు కొట్టేవాళ్ళం. ఒకసారి ఆవిడ విసిరింది నా చేతికందేలాగే వచ్చింది. నేను కావాలనే వదిలేసి, "అబ్బ, తప్పిపోయిందండీ!" అన్నాను.

చప్పట్లు ఆగాక ఆవిడ నన్నే చూస్తూ, ఒక్కో ముక్కా కూడగట్టుకుని, "నాకు... లెక్క... లేదా?" అన్నారు.

సిగ్గుతో చచ్చిపోయాను. ఇన్నాళ్ళూ ఆవిడ దగ్గర ఏం నేర్చుకున్నానో అదే ఆవిడ విషయంలో మరిచిపోయాను. మిగతావాళ్ళకు తెలియకపోవచ్చు, నాకు తెలియాలి. మేం ప్రేమతోనే చేశాం, నిజమే. ఆనాడు విజయ కూడా ప్రేమతోనే చేసింది.

వెళ్ళి సున్నం తెచ్చాను. తాడు కుర్చీలో కూర్చున్నవాళ్ళకు అందేంత కిందకి దించాను. ఆవిడ ఎడమచెయ్యి ఎంత దూరం సాగుతుందో చూసి అంతమేర గీత గీశాను. నా వైపు గీత జరపలేదు. తర్వాత నిజంగా ఆడాను. ఇరవై ఒకటికి ఒకటితో ఆవిణ్ణి ఓడించాను.

"పెద్దావిడండీ! మీకు కూసింత జాలి లేదేంటండీ?" అని సువార్తమ్మ నామీద ఇంతెత్తున లేచింది. టీచరుగారు మాత్రం కదిలే సగం మూతితో నవ్వుతూ, "ఇంకోటి" అన్నారు.

అప్పటినుంచి ప్రతి శనివారమూ ఆడాం. కుడిచెయ్యి తిరిగి రాలేదు. అలాంటి అద్భుతాలేవీ జరగలేదు. కానీ శుక్రవారమే బూట్లు ఉతికించుకునేవారని, శనివారం రాత్రి అడిగి మరీ అన్నం తినేవారని చెల్లెలుగారు చెప్పేవారు. పరామర్శకు వచ్చి నిట్టూర్చే జనం తగ్గి, ఆట చూడ్డానికి వచ్చే జనం పెరిగారు. ఆవిడకు ఎడమచెయ్యి క్రమంగా తిరిగింది. రింగును తాడు దాటించి, చప్పున కిందకి పడేటట్టు వదిలేవారు. అదీ ఎప్పుడూ నా ఎడమకాలి వైపే. నేనూ ఊరుకోలేదు, ఆవిడ కుడిభుజం వైపే వేసేదాన్ని. చూసేవాళ్ళు నోళ్ళు నొక్కుకునేవారు. మా ఇద్దరికీ అంత గౌరవం ఇంకెవరూ ఇవ్వలేదని వాళ్ళకు ఎలా చెప్పను? ఆవిడ పదికి చేరారు, పదిహేనుకు చేరారు, ఒకసారి పద్దెనిమిది దాకా వచ్చారు. గెలవడం మాత్రం ఒక్కసారీ గెలవలేదు.

పోయిన శనివారం ఆవిడ ఇరవై, నేను పంతొమ్మిది. మబ్బు పట్టి ఉంది, గాలి లేదు. నాకు గెలవాలని ఉంది. అది దాచుకోను. రింగు తాడును రాసుకుంటూ దాటి నా ఎడమపక్కకు పడుతోంది. రెండడుగులు వేశాను. మూడో అడుగుకి కాలు రాలేదు. ముందుకు పడుతూ చెయ్యి చాచాను. రబ్బరు నా వేళ్ళకు తగిలింది, నిలవలేదు. రింగూ నేనూ ఒకేసారి మట్టిలో పడ్డాం.

అందరూ చప్పట్లు కొట్టారు. టీచరుగారు కొట్టలేదు. వేలితో నన్ను దగ్గరికి రమ్మన్నారు. లేచి, చీర దులుపుకోకుండానే కుర్చీ దాకా వెళ్ళాను. ఆవిడ నా మొహంలోకి చూశారు. చాలాసేపు చూశారు. నా చెంపల మీంచి చెమట కారుతోంది, మోచెయ్యి దోక్కుపోయి మండుతోంది. నలభై తొమ్మిదేళ్ళ మనిషిని, రెండు పాయింట్ల తేడాతో ఓడిపోయినందుకు కోపంతో నాకు కళ్ళమ్మట నీళ్ళొస్తున్నాయి. ఆ కోపం ఆవిడకు కనబడింది.

"ఓడిపోయావ్" అన్నారు, ఒక్క అక్షరం కూడా మింగకుండా.

"ఓడిపోయానండీ" అన్నాను.

ఆవిడ కుర్చీలో, నేను కుర్చీ పట్టుకుని, ఇద్దరం ఒకేలా రొప్పుతూ ఉండిపోయాం.