గుట్ట వెనక చేలు

మొన్న క్లాసులో ఒక విద్యార్థిని తెర మీద ఒక బొమ్మ వేసి చూపించింది. మా విభాగంలో పిల్లలు అభివృద్ధి, సామాజిక మార్పు చదువుకుంటారు, నేను పాఠం చెబుతాను. ఆ రోజు పాఠం, పల్లెవాళ్ల చేతనే వాళ్ల ఊరి పటం గీయించే పద్ధతి గురించి. ఏదో విదేశీ పుస్తకంలోంచి తీసిన బొమ్మట. కింద ఆదర్శప్రాయమైన ఉదాహరణ అని రాసి ఉంది. చార్టు మీద వాగు, గుట్ట, చేలు, చేల పక్కన మనుషుల పేర్లు. ఆ గుండ్రటి అక్షరాలు నావి. "ఇది ఏ ఊరు మేడమ్?" అని అడిగింది ఆ అమ్మాయి. కొత్తగూడెం దాటాక భద్రాచలం దారిలో ఒక ఊరని చెప్పి, గంట కొట్టకముందే క్లాసు వదిలేశాను.

రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ల మాట. నేను వైరా పిల్లని, పీహెచ్‌డీ చేస్తున్నాను. మా గైడు గారికి ఒక విదేశీ విశ్వవిద్యాలయంతో కలిసి చేసే ప్రాజెక్టు వచ్చింది. ఆయన ప్రజల జ్ఞానం గురించి గంటలకొద్దీ మాట్లాడగలరు, ప్రజల బిందెలో నీళ్లు మాత్రం ముట్టరు. జీపులో నీళ్ల సీసాల పెట్టె ఉండేది. ఆయన రెండు రోజులుండి వెళ్లిపోయారు, నన్ను మూడు వారాలు ఒక కోయ ఇంట్లో ఉంచారు. ఆ ఇంటావిడ నడివయసు మనిషి, భర్త పోయాడు, ఒంటరిగా ఉండేది. నేను అత్తా అన్నాను, ఆమె కోడలు పిల్లా అంది. పొద్దున్నే ఇప్పపూలు ఏరడానికి తీసుకెళ్లేది. నేను ఏరినవాటిలో సగం ఎండుటాకులేనని కోయ భాషలో ఏదో చెప్పి అందరినీ నవ్వించేది. ఆ ఊరు అప్పటికే ఎన్ని సర్వేలు చూసిందంటే, నోటుబుక్కు తెరిస్తే చాలు, అడక్కముందే "నలుగురం, ఎకరం, బాయి లేదు" అని అప్పజెప్పేవాళ్లు. అసలు సంగతి మాత్రం ఎవరికీ చెప్పేవాళ్లు కాదు. గుట్ట వెనక అడవిలో వాళ్లు పోడు కొట్టుకున్న చేలున్నాయి. వాటికి కాగితాలు లేవు. బయట తెలిస్తే పోతాయి. అత్త జొన్నచేను అక్కడిదే, ఆమె తిండీ బట్టా అన్నీ దాంట్లోంచే రావాలి.

మూడో వారంలో పటం గీయించాలి. నేను సంచిలోంచి ముగ్గుపిండి, రంగులు తీస్తుంటే అత్త ముసిముసిగా నవ్వింది. "గిది మాకు నేర్పనీకి గింత దూరం వచ్చినవా కోడలు పిల్లా?" తొలకరికి ముందు ఎవరు ఎక్కడ విత్తుకోవాలో ఆ ఊరివాళ్లు ఏటా నేల మీద గింజలు పేర్చే మాట్లాడుకునేవాళ్లట. బూడిదతో వాగు, రాళ్లతో గుట్ట, ఒక్కో ఇంటి చేనుకు ఒక్కో రకం గింజ. ఆ రోజు నా కోసం అదంతా పేర్చారు. గుట్ట వెనకవి పేర్చడానికి కొందరు వెనకాడితే, "మా కోడలే, ఏం గాదు" అని అత్త పూచీ పడింది. మాటలయ్యాక చీపురు తెచ్చింది. వాళ్ల పద్ధతిలో ఊడ్చేయడం ఆఖరి పని, పొద్దు గూకేలోగా నేల మీద ఏదీ మిగలకూడదు. మా పద్ధతిలో ఆ పని లేదు. "ఒక్క అరగంట ఆగత్తా" అని నేను అంతా చార్టు మీదికి దించుకున్నాను, పేర్లతో సహా. ఆమె చీపురు పట్టుకుని పక్కనే ఓపిగ్గా నిలబడింది.

ఆ చలికాలం ఖమ్మంలో సదస్సు పెట్టి చార్టు గోడకు తగిలించారు. అటవీ శాఖ అధికారి ఒకాయన ఎంతో మర్యాదగా ఒక నకలు అడిగారు. మన పరిశోధన అధికారులకు అందడం కన్నా కావలసిందేముందని గైడు గారు నా చేతే జిరాక్సు తీయించి ఇప్పించారు. దస్తూరీ ముత్యాల్లా ఉందని ఆ అధికారి మెచ్చుకుంటే, సిగ్గులేకుండా పొంగిపోయాను. మరుసటి వానలకు అటవీ శాఖవాళ్లు గుట్ట వెనక చేల చుట్టూ కందకాలు తవ్వి, జామాయిల్ మొక్కలు నాటారు. వచ్చినవాళ్లకు ఎవరూ దారి చూపాల్సిన పని పడలేదట.

తర్వాత కొన్నేళ్లకు పోడు చేలకు హక్కు పత్రాలిచ్చే చట్టం వచ్చింది. పాత సాగుకు ఏదైనా రుజువు చూపాలి. అత్త రెండు బస్సులు మారి యూనివర్సిటీకి వచ్చింది. అప్పటికి కూలికి మిరపకాయలు ఏరుకుని బతుకుతోంది. నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "ఆ కాయితం ఇయ్యి కోడలు పిల్లా. దాంతోనే పాయె, దాంతోనే తెచ్చుకుంట. ఆ చేను నాదని అండ్ల నువ్వే రాసినవ్ గద" అంది. గైడు గారి గదికి తీసుకెళ్లాను. ఆయన కుర్చీ చూపించి టీ తెప్పించారు. పరిశోధనలో సేకరించిన సమాచారం గోప్యమనీ, ఊరివాళ్ల రక్షణ కోసమే ఆ నియమమనీ, విదేశీ విశ్వవిద్యాలయం అనుమతి లేకుండా కాగితం ఇవ్వడం కుదరదనీ నెమ్మదిగా వివరించారు. అధికారికి ఇచ్చిన రోజు ఈ నియమం ఎక్కడుందో నేను అడగలేదు. అత్తకు ఆ పెద్ద మాటలు ఎక్కలేదు. నా వైపు తిరిగి, "నీకాడ లేదా?" అంది.

ఉంది. హాస్టల్ గదిలో, మంచం కింద పెట్టెలో ఇంకో నకలు ఉంది. ఇంకో నెలలో నా వైవా. గైడు గారు నన్నే చూస్తున్నారు.

"లేదత్తా" అన్నాను.

"అవ్, నీకాడ ఎందుకుంటది" అని లేచింది. నమ్మిందో లేదో తెలియదు. టీ ముట్టలేదు. బస్టాండు దాకా ఆమె వెంట వెళ్లాను. బస్సెక్కి కూర్చున్నాక కిటికీలోంచి, "ఎండల నిలవడకు, పో" అంది.

రుజువు లేదని ఆమె అర్జీ తిప్పి పంపారు. నాకు డాక్టరేటు వచ్చింది, దాంతో ఉద్యోగమూ వచ్చింది. ఉద్యోగం ఖాయమయ్యాక, ఇక నన్నెవరూ ఏమీ చేయలేరని తెలిశాక, ఆ నకలు పట్టుకుని ఊరికి వెళ్లాను. అత్త పోయి ఎనిమిది నెలలైందని చెప్పారు. చేనులో జామాయిల్ చెట్లు ఒక విడత నరికేసినా మళ్లీ చిగిర్చి, నాకన్నా ఎత్తు పెరిగి ఉన్నాయి. నిజం చెప్పడానికి సమయం రావాలని అన్నాళ్లూ నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. సమయం వచ్చింది, కాకపోతే నాకొక్కదానికే వచ్చింది.