ఐరీనమ్మ అసలు పేరు

నా చిన్నప్పుడు ఆటలో కళ్ళలో సున్నం పడి, డోన్‌లో మిషన్ వాళ్ళ చిన్న ఆసుపత్రిలో కొన్నాళ్ళు కళ్ళకు కట్టుతో పడుకున్నాను. చూపు వస్తుందో రాదో ఎవరూ చెప్పేవారు కాదు. నాకు లోకమంతా చప్పుళ్ళే. దూరంగా స్టేషన్లో ఇంజను కూత, కిటికీలోంచి వేపగాలి, మధ్యలో మనుషుల గొంతులు. నిద్రకూ మెలకువకూ తేడా తెలిసేది కాదు.

ఆ గొంతుల్లో రెండు పరదేశపువి. ఒకటి ఇంగ్లండు నుంచి వచ్చిన డాక్టరమ్మది. రెండోది నా కట్టు మార్చే నర్సమ్మది. ఆమెది ఫ్రాన్సు. డాక్టరమ్మ ఆమెను ఐరీన్ అనేది, అది విని ఆసుపత్రంతా ఐరీనమ్మ అనేది. ఎవరు పిలిచినా ఆమె ఒక్క క్షణం ఆగి పలికేది. పిలుపు ముందు వేరే ఇంటికి పోయి, అక్కడ కాదంటే ఈమె దగ్గరికి వచ్చినట్టుండేది.

ఒక మధ్యాహ్నం ఆమె కట్టు మారుస్తుంటే అడిగాను. "మీయమ్మ మిమ్మల్ని ఏమని పిలుస్తాది?"

ఆమె చేతులు ఆగాయి. తర్వాత మెల్లగా తన పేరు తను చెప్పుకుంది. మధ్యలోని 'ర' నాలుక మీద కాదు, గొంతు అడుగున ఎక్కడో గీరుకుంటూ వచ్చింది. నేను 'ఇరెన్' అన్నాను. బాగుందంది గానీ, రాలేదని నాకే తెలిసింది. నాకు రాగిజావ తెచ్చిన పక్కింటి ఖాలా మంచం పక్కనే ఉంది. ఆమె ఇంట్లో ఉర్దూ మాట్లాడే మనిషి, ఖాలా అంటే వాళ్ళలో పిన్నమ్మ. 'గరీబు' అనేటప్పుడు వాళ్ళ గొంతులో ఒరుసుకుని వచ్చే 'గ' ఉంటుందే, దాన్ని ఆ 'ర' చోట పెట్టి ఆ పేరు పలికింది. నర్సమ్మ మళ్ళీ అనమని అడిగింది. ఖాలా మళ్ళీ అంది. నా చెంప మీద వెచ్చగా ఒక చుక్క పడింది. మందనుకున్నాను. కాదని, ఆమె వెళ్ళాక ఖాలా చెప్పింది.

పేరు కోసం ఏడుస్తారా అని అడిగాను.

"నువ్వు నన్ను 'కాలా' అంటావు. ప్రేమగానే అంటావు, నేనూ పలుకుతా. అయినా మా అక్క కూతురు వచ్చి ఖాలా అన్న పొద్దు, కడుపు నిండినట్టు ఉంటాది బిడ్డా," అంది.

సంగతి డాక్టరమ్మకు తెలిసింది. మర్నాడు ఆ పేరు నేర్చుకోవడం మొదలుపెట్టింది. ఆ 'ర' కోసం పుక్కిలించినట్టు, దగ్గినట్టు, గొంతులో ముల్లు ఇరుక్కున్నట్టు నానా తంటాలు పడేది. ఇంటిపేరైతే మరీ కష్టం. చివర రాసే అక్షరాలు పలకకూడదట. ఆమె అలవాటు కొద్దీ అన్నీ పలికేసేది. వార్డంతా నవ్వేది, ఆమె కూడా నవ్వేది. ఒక్కసారీ సరిగ్గా రాలేదు. కానీ పిలిస్తే నర్సమ్మ ఇప్పుడు ఆగకుండా పలికేది.

కట్టు పూర్తిగా తీసిన రోజు వెలుతురు నీళ్ళలోంచి వచ్చినట్టు వచ్చింది. అందులోంచి నర్సమ్మ ముఖం తేలింది. పెద్దావిడ అనుకున్నాను గానీ, మా వీధి అక్కలంత వయసే. పేరు పెట్టి పిలిచాను. తప్పే వచ్చింది. ఆమె రెండు చేతులతో నా ముఖం పట్టుకుంది.

ఇప్పుడు కర్నూలులో మా వీధికి ఎక్కడెక్కడివాళ్ళో పనులకు వచ్చి అద్దెకుంటున్నారు. కొత్తగా ఎవరు కనబడినా, మీ ఇంట్లో ఎట్లా పిలుస్తారని అడుగుతాను. నా నాలుక తిరగకపోతే మళ్ళీ అడుగుతాను. "ఎట్లో ఒకట్ల పిలువు అవ్వా, ఏమనుకోరులే," అంటుంది మనవరాలు. అనుకోరు, నిజమే. కానీ వాళ్ళమ్మ ఆ పేరును ఎంత ముద్దుగా పిలుచుకుందో నాకేం తెలుసు? అందుకే ఇంకోసారి అడుగుతాను.