తలుపున్న గది

పరీక్ష ఇంటి నుంచే రాయవచ్చని మా యూనివర్సిటీ చెప్పినప్పుడు క్లాసంతా సంబరపడింది. రెండు బస్సులు మారే బాధ తప్పిందని నేనూ సంతోషించాను, నా స్నేహితురాలి గది గుర్తొచ్చేదాకా. హాల్లో అయితే అందరికీ ఒకే రకం బల్ల, ఒకే రకం కుర్చీ. ఇంట్లో ఎవరి వైభోగం వాళ్ళది. తను హారిస్‌డేల్ అనే శివారులో తెలిసిన అంకుల్ వాళ్ళింట్లో ఉండేది. సొంత గది, తెల్లటి గోడ, వేసుకోవడానికి తలుపు. నాది ముగ్గురం సర్దుకునే గది.

"మా అంకుల్ స్టడీ రూం ఖాళీగనే ఉంటది, వచ్చి రాస్కోరాదే," అంది తను.

"అక్కర్లేదులే," అన్నాను. ఆ ఇంట్లో అడుగు పెడితేనే నాకు కడుపు మండేది.

చివరికి బట్టలుతికే గదిలో, వాషింగ్ మెషీన్ మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని రాశాను. మొదట కెమెరా చుట్టూ తిప్పి చూపించమన్నారు. ఆరేసిన లోదుస్తులతో సహా అన్నీ చూపించాను. ఆ తర్వాత లెక్కల్లో పడ్డాను. ఎక్కం పైకి చదివితే గాని నాకు లెక్క సాగదు, చిన్నప్పటి అలవాటు.

వారం తిరక్కుండా మెయిలొచ్చింది. పరీక్ష మధ్యలో ఎవరితోనో మాట్లాడానట. కాదని తేలకపోతే ఆ సబ్జెక్టు పోయినట్టే, ఇంకో సెమిస్టరు మళ్ళీ చదవాలి. విచారణకు తెలుగు తెలిసిన మనిషిని వెంట తెచ్చుకోమన్నారు. ఈ పరాయి దేశంలో తను తప్ప నాకెవరున్నారు?

విచారణలో నా పరీక్ష వీడియో వేశారు. "ఏడెనిమిదులు యాభయ్యారు" అని నా గొంతు వినిపించింది. తను ఇంగ్లీషులో చెప్పింది. అంతటితో అయిపోయిందనుకున్నాను, కానీ వీడియోలో నా గొంతు ఆగలేదు.

"దానికేం, తలుపేసుకుని హాయిగా రాస్తా ఉంటది. అన్నీ దానికే. ముదనష్టపుది."

అలా అన్నట్టు నాకే తెలియదు. సిగ్గుతో చచ్చిపోయాను. తను నా వైపు చూడలేదు. గదిలో ఇంకెవరూ లేరనీ, స్నేహితురాలికి సొంత గది ఉందని ఈ అమ్మాయి తనలో తాను ఏడుస్తోందనీ వివరించింది. వీడియోలోని ఆ చివరి మాటేమిటని విచారణ చేస్తున్న అధికారిణి అడిగింది.

"ఆ స్నేహితురాలి పేరు," అంది తను.

నా మార్కులు నిలిచాయి. బయటికొచ్చాక క్షమించమని అడగాల్సింది, నోరు రాలేదు. బస్టాపులో తన పక్కన నిలబడి, అంత మాట పడి కూడా ఇంత మంచిగా ఎలా ఉండగలిగిందా అని మళ్ళీ కుళ్ళుకున్నాను.